రెండో గుండీ

మేడమీది గది
జనవరి 9

అక్కా,

మూట చేరింది. తెచ్చినతను నా చేత సంతకం పెట్టించుకుంటూ, "ఏమీ అనుకోకండి, ఈ ఇంట్లో మొత్తం ఎంతమంది ఆడవాళ్ళుంటారు?" అని అడిగాడు. పోయిన నెల తలుపు తీసినావిడ ముసలావిడట. అంతకుముందు తీసినావిడ లావుపాటి పంతులమ్మట. ఈసారి నేను నర్సు టోపీలో ఉన్నాను. "పదకొండు మంది" అన్నాను. "అందరూ మంచివాళ్ళేనా?" అన్నాడు. "ఒకావిడ మాత్రం కాస్త గడుసు" అన్నాను. పాపం, ఎవరా అని లోపలికి తొంగి చూశాడు.

నువ్వు పంపిన ఐదింటిలో నీలం గౌను బంగారం. దాని ఎడమ భుజం దగ్గర బట్ట నమిలినట్టు పీచు లేచి ఉంది, చూశావా? పళ్ళొస్తున్న పిల్లను రోజంతా ఎత్తుకున్న భుజం అది. అది వేసుకుని, ఫోటో స్టూడియోకి వచ్చి, చంకలో పిల్ల లేకపోయేసరికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడిపోయిన తల్లిని తయారుచేశాను. తొమ్మిది గంటలు పట్టింది. వేషం నాదే, కెమెరా నాదే, "కాస్త గడ్డం ఎత్తండమ్మా" అని చెప్పేదీ నేనే.

అసలు విశేషం ఇది. సెప్టెంబరులో పెద్ద గ్యాలరీలో నా ఫోటోలు పెడుతున్నారు. ఇరవై మంది ఆడవాళ్ళు కావాలన్నారు. పదకొండు మంది సిద్ధం, ఇంకా తొమ్మిది మంది నీ మూటల్లోంచి పుట్టాలి. అక్కడి మేనేజరు నా అసలు ముఖం ఇంతవరకు చూడలేదు. మూడుసార్లు కలిశాను, మూడుసార్లూ మూడు వేషాల్లో. ప్రదర్శన రోజుల్లో నేను జనంలోకి రానని ముందే చెప్పేశాను.

ఫోను చెయ్యవద్దంటావు. ఫోనులో గొంతులు మారుస్తానని నీ ఫిర్యాదు. సరే, ఉత్తరాలే రాసుకుందాం. చేతిరాత మార్చడం నాకింకా రాలేదు.

మరో మూట పంపు.

నీ కోతి


కుట్టు కొట్టు
జనవరి 30

ఒసే కోతీ,

పదకొండు మందికీ వండిపెడుతున్నావా, పదకొండు మందీ పస్తులేనా? ఏం వేషం వేశావో నాలుగు పేజీలు రాస్తావు, ఏం తిన్నావో ఒక్క ముక్క రాయవు.

మూట పంపుతున్నాను. నా కొట్టు పద్ధతి నీకు తెలిసిందే అయినా మళ్ళీ చెబుతున్నాను. బట్ట తీసుకోగానే చీటీ మీద నంబరు వేసి చేత్తో రెండుగా చింపుతాను. ఒక ముక్క బట్టకు గుచ్చుతాను, ఒక ముక్క మనిషికి ఇస్తాను. చిరిగిన అంచులు రెండూ కలిస్తేనే బట్ట చేతికిచ్చేది. కత్తెరతో కోస్తే అన్ని అంచులూ ఒకటే, చేత్తో చింపిన అంచు దాని జోడుతో తప్ప దేనితోనూ కలవదు. ఏడాది దాటినా ఎవరూ రానివే నీకు పంపుతాను. రేపెవరైనా చీటీ ముక్క పట్టుకుని వస్తే ఆ బట్ట తిరిగి పంపాలి. మాటంటే మాటే.

పసుపు చొక్కా టిక్కెట్లు అమ్మే ఆవిడది. పూల గౌను పాటలు నేర్పే ఆవిడది. నడుము వదులు చెయ్యమంది, ఆపైన తనే సన్నబడిందేమో, రాలేదు. రెండు పావడాలు ఒకే ఇంటివి, తోడికోడళ్ళు మాట్లాడుకోవడం మానేశాక ఏ ఒక్కరూ రాలేదు. తెల్ల కోటు మందుల షాపులో పనిచేసే అమ్మాయిది. ఇంకొకటి గోధుమ రంగు కోటు. ఎవరిదో గుర్తులేదు. చీటీ దానికే గుచ్చి ఉంది. బట్ట చూసి మనిషిని చెప్పేస్తావుగా, చెప్పు చూద్దాం.

ఒకటడుగుతాను. ఈ ఆరేళ్ళలో నువ్వు పంపిన ఫోటోలన్నీ కొట్టు గోడకు పెట్టాను. వచ్చినవాళ్ళు ఎవరు వీళ్ళంతా అంటే మా చుట్టాలంటాను. నర్సు ఉంది, ముసలావిడ ఉంది, పంతులమ్మ ఉంది. నువ్వు లేవు. ఏ వేషమూ లేని ఫోటో ఒకటి పంపు. చూసి ఏడేళ్ళయింది.

ఇక్కడ చలి బాగా ఉంది.

అక్క


మేడమీది గది
ఫిబ్రవరి 21

అక్కా,

తోడికోడళ్ళ పావడాలు రెండూ నేనే వేసుకుని, రెండు ఫోటోలు తీసి, పక్కపక్కనే ఎడమొహం పెడమొహంగా పెట్టాను. నా ముఖాలు రెండు ఒకదానితో ఒకటి పోట్లాడుకోవడం ఇదే మొదటిసారి.

నా ఫోటో అడిగావు. వేషం లేకుండా అద్దంలో చూసుకుంటే సరుకు రాని దుకాణంలా ఉంటానక్కా. చూపించడానికి ఏమీ లేదు. వేరే ఏదైనా అడుగు.

ఇక గోధుమ రంగు కోటు. దీని గురించి రాయడానికే ఈ ఉత్తరం. ఇంత మాట్లాడే బట్ట నా చేతికి ఇంతవరకు రాలేదు.

ముందు గుండీలు. మూడు గోధుమ రంగువి. పైనుంచి రెండోది మాత్రం నల్లది, సైజు కూడా తేడా. సరిగ్గా గుండెకు ఎదురుగా, ఎవరికైనా మొదట కనిపించే చోట. ఇంట్లో ఇంకో మనిషంటూ ఉంటే, "ఆ గుండీ ఏంటి, మార్చుకుని వెళ్ళు" అనకుండా గడప దాటనివ్వరు. అనేవాళ్ళు లేరన్నమాట. తరవాత ముంజేతులు. రెండు చేతుల కిందివైపూ బట్ట అరిగి నున్నగా మెరుస్తోంది. గంటల తరబడి కిటికీ గట్టు మీద చేతులు ఆనించి, వీధిలో ఎవరొస్తారా అని చూస్తూ కూర్చుంటే అరిగే అరుగుడు. లోపల ఒక జేబు ఉంది, కొన్న కోటుకు అలాంటిది ఉండదు, తనే కుట్టుకుంది. ప్రేమలేఖ ఏదైనా దొరుకుతుందేమోనని ఆశగా వేళ్ళు పెడితే రెండు పిప్పరమెంటు బిళ్ళలు దొరికాయి. తనకు తనే బహుమతులిచ్చుకునే రకం. ఒకటి నేను నోట్లో వేసుకున్నాను. ఇంకా బాగానే ఉంది.

మొత్తం మీద తాడూ బొంగరం లేని మనిషి. దుకాణంలో రెండు రొట్టెలు కొని, "ఇంట్లో ఎదురుచూస్తుంటారు" అని అడగని వాడికి చెబుతుంది. నిలబడే తింటుంది. రేడియో అడిగే ప్రశ్నలకు జవాబులు చెబుతుంది. బయటికి వెళ్ళేటప్పుడు ఖాళీ ఇంటికి "వస్తాను" అని చెప్పి తలుపు వేస్తుంది. రాస్తుంటే నవ్వాగడం లేదక్కా. గ్యాలరీ గోడ మధ్యలో నిలబడాల్సింది ఈవిడే.

నీ కోతి


కుట్టు కొట్టు
మార్చి 12

కోతీ,

జలుబు చేసి వారం పడుకున్నాను, అందుకే ఆలస్యం. కంగారు పడకు, తగ్గింది.

నీ తెలివితేటలు బాగానే ఉన్నాయి గానీ, ఆ మనిషి తరఫున నాలుగు మాటలు చెప్పాలనిపించింది. ముంజేతులు కిటికీ గట్టు మీదే అరగాలా? బల్ల దగ్గర కూర్చుని పనిచేసే మనిషికీ అలాగే అరుగుతాయి. పని ఉన్న మనిషికి వీధి చూసే తీరిక ఎక్కడిది? ఎప్పుడో ఒకసారి తల ఎత్తుతుంది, అంతే.

గుండీ సంగతి. పరాయి వాళ్ళ గుండీలు చూసే ధ్యాసలో పడి తనది మరిచిపోయి ఉండొచ్చు. లేకపోతే గోధుమ రంగుది ఎవరికో అవసరం పడి ఇచ్చి ఉండొచ్చు. బిళ్ళలు రెండున్నాయంటే ఒకటి తనకు, ఒకటి ఇంకొకరికి. ఇంత మాత్రం ఎవరికైనా తెలుస్తుంది. ఒకటి నువ్వు తిన్నావు కాబట్టి ఆ ఇంకొకరు నువ్వే అనుకో.

రేడియోకి జవాబు చెప్పడంలో నవ్వడానికి ఏముంది? అది అడుగుతుంది కదా. నిలబడి తినడం మాత్రం నిజమే అయి ఉంటుంది. కూర్చోవాలంటే కుర్చీ మీది బట్టలు తీయాలి, ఒక్కదాని కోసం అంత పని ఎవరు పెట్టుకుంటారు?

కాస్త మంచిదాన్ని చెయ్యి ఆవిడను. అడుగుతున్నాను.

అక్క


మేడమీది గది
మే 2

అక్కా,

నువ్వు ఎవరి తరఫున వాదిస్తావో నీకే తెలియదు. చిన్నప్పుడు ఆటలో ఓడిపోయిన పిల్లల పక్కన చేరేదానివి, ఇప్పుడు ముక్కూ మొహం తెలియని కోటు పక్కన చేరావు.

ఫోటో పూర్తయింది. ఇరవై మందిలో ఇంత ఏడిపించినావిడ లేదు. నాకు నలభై ఒకటి, ఆవిడకు యాభై దాటాలి. కళ్ళ కింద జిగురు పూసి, చర్మం లాగి పట్టుకుని, ఆరాక వదిలితే ముడతలు పడతాయి. కనుబొమలు పలచన చేశాను, జుట్టుకు నెరుపు పూశాను, దవడల్లో దూది పెట్టాను. అంతా చేశాక ముఖం మీదికి ఏ భావం తేవాలో మూడు రోజులు కుదరలేదు. ఏడుపు ముఖం పెడితే అబద్ధం, నవ్వితే ఇంకా పెద్ద అబద్ధం. నాలుగో రోజు దొరికింది. ఎవరైనా తలుపు తడతారేమోనని చూసే ముఖం, తట్టకపోయినా నొచ్చుకోని ముఖం. ఆ రెండూ ఒకేసారి.

అద్దంలో చూసుకుంటే ఈ ముఖం ఎక్కడో చూశానే అనిపించింది. ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. బస్సులోనో, పోస్టాఫీసులోనో అయి ఉంటుంది. ఇంకో సంగతి, ఎవరికీ చెప్పనంటే చెబుతాను. వేషం తీసేసి ముఖం కడుక్కున్నాక కూడా ఆవిడ గదిలోంచి వెళ్ళలేదు. ఆ పూట రొట్టె నేను కూడా నిలబడే తిన్నాను. కుర్చీ నిండా విగ్గులున్నాయి, తీయబుద్ధి కాలేదు.

ప్రింటు పంపుతున్నాను. గోడ మధ్యలో దీన్నే పెడతారు, ఇంటి తలుపంత ఎత్తున. పేరు కూడా పెట్టేశాను. "ఎవరికీ ఏమీ కాని మనిషి." మేనేజరుకు తెగ నచ్చింది.

నీకెలా ఉందో రాయి. అందరి మాటలూ ఒక ఎత్తు, నీ మాట ఒక ఎత్తు.

నీ కోతి


కుట్టు కొట్టు
మే 24

చెల్లీ,

ఫోటో చేరింది. బాగుంది.

పని ఎక్కువగా ఉంది. బడి పిల్లల యూనిఫారాలు వచ్చి పడ్డాయి.

ఎవరికీ ఏమీ కాని మనిషి అంటూ ఉంటుందా?

అక్క


మేడమీది గది
జూన్ 8

అక్కా,

మూడు ముక్కల ఉత్తరం రాయడానికి మూడు వారాలు పట్టిందా? పైగా "చెల్లీ" అట. నువ్వు నన్ను చెల్లీ అన్నావంటే కోపం నెత్తికెక్కిందని అర్థం, నాకు తెలియదనుకోకు. ఫోటో గోడకు పెట్టావా? పెట్టలేదని పందెం కడతాను.

నాకు తెలుసు నీ మనసులో ఏముందో. నేను మనుషుల్ని వెక్కిరిస్తానని. ఏడేళ్ళ కిందట కూడా అదే అన్నావు. అమ్మ పోయిన నెలకి ఆవిడ ఊలు స్వెటరు ఒక్కటి ఇమ్మంటే, "ప్రపంచంలో అందరినీ వెక్కిరించుకో, అమ్మను మాత్రం వద్దు" అన్నావు. వెక్కిరించడానికి కాదక్కా నేను అడిగింది. ఒక్క పూట ఆవిడ ముఖం మళ్ళీ చూద్దామని. ఆ మాట అప్పుడు నోట్లోంచి రాలేదు, సంచి భుజాన వేసుకుని బయలుదేరాను. సంచి గుండీ ఊడిపోతే దానికి వేరే గుండీ కుట్టి మరీ పంపించావు. ఉండమని మాత్రం అనలేదు.

సరే, అయిపోయిందేదో అయిపోయింది. సెప్టెంబరు పదకొండున ప్రదర్శన మొదలు. నెల రోజులుంటుంది. వస్తావా? నేను అక్కడ ఉండను గానీ నా గదికి రావచ్చు. ఒక రోజు ముందు చెబితే కుర్చీ ఖాళీ చేస్తాను.

కోతి


కుట్టు కొట్టు
ఆగస్టు 19

కోతీ,

పందెం నెగ్గావు. గోడకు పెట్టలేదు. బల్ల సొరుగులో పెట్టాను, తీసి చూస్తుంటాను.

స్వెటరు అందుకు అడిగావని నాకు తెలియదు. నువ్వు చెప్పలేదు, నేను అడగలేదు. అది ఎవరికో ఇచ్చేశాను అప్పుడే, నీ మీద కోపంతో. ఆ కోపం దిగేసరికి స్వెటరు లేదు, నువ్వూ లేవు.

ప్రదర్శనకు రావడం కుదరదు. కొట్టు మూసి ఊళ్ళు తిరిగే అలవాటు నాకు లేదని తెలుసుగా. అందరూ మెచ్చుకుంటారు, చూడు.

అక్క


మేడమీది గది
సెప్టెంబరు 20

అక్కా,

నవ్వకుండా చదువు. నాకు భయమేస్తోంది.

నిన్న మేనేజరు ఫోను చేసి ఒకటే పొగడ్తలు. "గురువారం మీరు రావడం మా అదృష్టం, జనంలోకి రానన్నారుగా, ఇంత బాగా చేస్తారనుకోలేదు" అంటుంది. నేను గురువారం జ్వరంతో మంచం దిగలేదు. ఆ మాటే చెబితే నవ్వింది. గోధుమ కోటు మనిషి వేషంలో వచ్చి, ఆ ఫోటో ముందు గంటసేపు నిలబడ్డానట. చూడ్డానికి వచ్చిన వాళ్ళతో మాట్లాడానట. మెడ మీది ముడతలు చేత్తో ముట్టుకున్నా ఊడలేదట. "కోటు వేసుకోకుండా రావడం గొప్ప ఆలోచన" అట. అందరూ చప్పట్లు కొట్టారట.

ఫోను పెట్టేసి చూశాను. కోటు కొక్కేనికి ఉన్నచోటే ఉంది. చీటీ కూడా కదల్లేదు.

ఎవరక్కా వచ్చింది? నేను తయారుచేసిన మనిషి నన్ను మంచంలో పడేసి తనే బయలుదేరిందా? జ్వరం బుర్రకెక్కిందని అంటావు, అనుకో. ఇరవై మందిని చేశాను, ఇంతవరకు ఒక్కరు కూడా నా అనుమతి లేకుండా గోడ దిగలేదు. నిన్నటి నుంచి ఆ కోటు వంక చూడడానికి జంకుతున్నాను. ఈ మాట చెప్పడానికి నాకు నువ్వు తప్ప ఎవరున్నారు? ఈ మేడ మీద పదకొండు మంది ఆడవాళ్ళున్నారని జోకులు వేశాను గానీ, జ్వరం వస్తే గ్లాసుడు నీళ్ళు అందించడానికి అందులో ఒక్కతీ లేదు.

వెంటనే రాయి.

కోతి


కుట్టు కొట్టు
సెప్టెంబరు 25

నా కోతీ,

ముందు జ్వరం సంగతి చూసుకో. వేడిగా ఏదైనా తాగు. కోటు చూసి భయపడకు, అది ఎవరినీ ఏమీ చెయ్యదు. పాపం మంచిదే.

దీనితో ఒక చీటీ ముక్క పెట్టాను. కోటుకు గుచ్చి ఉన్న ముక్క తీసి, దీని పక్కన పెట్టి చూడు. అంచులు కలుస్తాయి.

కోటు నాది. మూటలో నేనే పెట్టాను. జనవరిలో యాభై మూడు నిండాయి నాకు, ఆ రోజు కొట్టుకు ఒక్కరూ రాలేదు. సొరుగులోంచి నీ ఉత్తరం తీసి చదువుకున్నాను. గౌను భుజం చూసి పళ్ళొస్తున్న పిల్లని చెప్పేశావు. ఎవరో తెలియని ఆవిడను అంత దగ్గరగా చూసిన దానివి, నా కోటు చెయ్యి చూస్తే నన్నేమంటావో తెలుసుకోవాలనిపించింది. చిన్నపిల్లల చేష్ట, ఒప్పుకుంటాను. పేరు చెప్పకుండా పెడితే నువ్వు మొదటి వాక్యంలోనే "ఇది నీదే కదే అక్కా" అంటావనుకున్నాను. కొక్కేనికి వేలాడే ఆ కోటు కిందే కూర్చుని కదా పరీక్షలకు చదువుకున్నావు. కోటు లేకుండా చలికాలం గడిచింది, నువ్వు మాత్రం అనలేదు. అందుకే వాదించాను. ఆ వాదన చదివాకైనా తెలుస్తుందనుకున్నాను.

నువ్వు రాసినవి చాలావరకు నిజాలే. "వస్తాను" అని చెప్పే తలుపు వేస్తాను. బిళ్ళలు రెండు కొంటాను. బడి నుంచి వచ్చేటప్పుడు నీకొకటి తెచ్చేదాన్ని, ఆ అలవాటు చెయ్యి మానలేదు. నిజాలు రాసినందుకు నొచ్చుకోలేదు. నవ్వాగడం లేదన్నావు చూడు, అక్కడ నొచ్చుకున్నాను.

గురువారం కొట్టుకు తాళం వేసి, కొలతలకు వెళ్ళానని పలక పెట్టి, బస్సెక్కి వచ్చాను. దూరం నుంచి చూసి వెళ్ళిపోదామనుకున్నాను. లోపలికి అడుగు పెట్టగానే కాపలా ఆవిడ కుర్చీలోంచి లేచి, "ముందే చెప్పుంటే పక్క తలుపు తీసేదాన్ని కదమ్మా" అంది. నాకర్థమయ్యేలోగా మేనేజరు పరుగెత్తుకొచ్చింది. చుట్టూ జనం. నేను నువ్వే అనుకున్నారు. నువ్వు నా వేషం వేసుకుని వచ్చావనుకున్నారు. నీ ముఖానికి పన్నెండేళ్ళు కలిపితే నేను వస్తానే పిచ్చిదానా. లోకమంతా ఒక్క చూపులో కనిపెట్టింది, నీకే తెలియలేదు.

ఒకమ్మాయి మెడ ముట్టుకుని, ఈ ముడతలు ఎలా చేశారంది. నేను చెయ్యలేదు, అవే వచ్చాయన్నాను. అందరూ నవ్వారు. వేళ్ళ చివర ఈ సూదిపోట్లు ఇంత సహజంగా ఎలా వచ్చాయన్నాడు ఒకాయన. ముప్ఫై ఏళ్ళు పట్టిందన్నాను. చప్పట్లు కొట్టారు. కోటు ఏదన్నారు. మా చెల్లి దగ్గరుందన్నాను. "చూడు, పాత్రలోంచి ఒక్క క్షణం కూడా బయటికి రావడం లేదు" అని వాళ్ళలో వాళ్ళు మెచ్చుకున్నారు. నిజం చెబితే కళ అంటారని అక్కడే తెలిసింది.

చెప్పడానికి సిగ్గుగా ఉంది, నాకు బాగుంది. ఏది మాట్లాడినా వింటున్నారు. మంచినీళ్ళు తెచ్చిచ్చారు. కుర్చీ వేశారు, దాని మీద బట్టలు లేవు. గంటసేపు అందరూ నా ముఖంలోకే చూశారు, నన్ను మాత్రం ఒక్కరూ చూడలేదు. నేను నీ అక్కనని చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. తల ఎత్తితే ఫోటో పక్కన చీటీ. "ఎవరికీ ఏమీ కాని మనిషి." ఆ చీటీ కింద నిలబడి నేను ఫలానా వాళ్ళ అక్కనని ఏ నోటితో చెప్పను? చివరి బస్సు ఉందని చెప్పి వచ్చేశాను. దానికి కూడా చప్పట్లు కొట్టారు.

నీ గది అక్కడికి పది నిమిషాల దూరమేనట, బయట దుకాణంలో నీ అడ్రసు చెప్పి అడిగాను. సందు మొదటిదాకా వచ్చాను. తలుపు ఎవరు తీస్తారో అని వెనక్కి తిరిగాను. నర్సో, పంతులమ్మో తీస్తే నేనేం మాట్లాడాలి? జ్వరంతో ఉన్నావని తెలిస్తే వచ్చేదాన్ని.

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. నువ్వు రచ్చ గెలిచావు. గర్వంగా ఉంది, నిజంగానే. ఇంట గెలవడానికి ఇంకా ఒక్కదాన్నే మిగిలాను, నాతో పెద్ద కష్టం కాదు.

నా కోటు రెండో గుండీ నల్లదని రాశావుగా ఫిబ్రవరిలో. గోధుమ రంగుది ఏమైందో అడగలేదు. నీ కెమెరా సంచి తీసి చూడు. ఆ రోజు సంచి గుండీ తెగి కెమెరా కింద పడబోయింది. నువ్వు గోడవైపు తిరిగి నిలబడ్డావు. గుండీల డబ్బా వెతికే ఓపిక లేక, వెతికితే ఈలోగా వెళ్ళిపోతావని భయం వేసి, ఒంటి మీది కోటు గుండీ కోసి కుట్టాను. ఉండమనలేదు, నిజమే. గుండీ కుట్టాను.

చలి మళ్ళీ మొదలవుతోంది. చీటీ చూపించాను కాబట్టి పద్ధతి ప్రకారం కోటు నాకివ్వాలి.

అక్క


మేడమీది గది
అక్టోబరు 1

అక్కా,

అంచులు కలిశాయి. కలిపి పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

క్షమించమని రాసి మూడుసార్లు కొట్టేశాను. ఏ గొంతుతో రాసినా అది ఎవరిదో గొంతులా ఉంది. నాది ఏదో వెతుక్కుంటున్నాను, దొరికాక చెబుతాను.

ఈ రోజు గ్యాలరీకి వెళ్ళాను. వేషం లేకుండా. ముఖం కడుక్కుని, జుట్టు వెనక్కి కట్టుకుని, ఇంట్లో వేసుకునే చొక్కాతోనే. వీధిలోకి అలా వెళ్ళి ఎన్నేళ్ళయిందో గుర్తులేదు, ఒంటి మీద ఏమీ లేనట్టు అనిపించింది. ఎవరూ నా వంక చూడలేదు. నేరుగా ఫోటో దగ్గరికి వెళ్ళి పక్కనున్న పేరు చీటీ పీకేశాను. కాపలా ఆవిడ పరుగున వచ్చి చెయ్యి పట్టుకుంది. "ఎవరమ్మా నువ్వు? ఎవరనుకుని ముట్టుకుంటున్నావు?" అంది.

"ఈ ఫోటోలో ఆవిడ చెల్లెల్ని" అన్నాను.

ఫోటో వంక చూసింది, నా వంక చూసింది. చెయ్యి వదిలేసింది. "పోలికలున్నాయి" అంది.

కొత్త పేరు ఇంకా పెట్టలేదు. ఈసారి మనిషిని చూశాక పెడతాను.

సందు మొదటిదాకా వచ్చి వెనక్కి వెళ్ళావన్న మాట దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ ఉత్తరం మూసేస్తున్నాను. ఆ రోజు తలుపు తట్టి ఉంటే నేనే తీసేదాన్నక్కా. జ్వరం వచ్చిన మనిషికి వేషం వేసే ఓపిక ఉండదు.

కోటు పోస్టులో పంపను. వేసుకుని నేనే వస్తాను. ఏడేళ్ళయింది కాబట్టి బస్సు దిగగానే గుర్తుపట్టలేకపోతావేమో, కోటు చూసి పట్టుకో. లోపలి జేబులో మిగిలిన బిళ్ళ అలాగే ఉంది, అది నీది. స్వెటరు లేకపోతే పోనీ, అమ్మ ముఖం నీ దగ్గర కాస్త, నా దగ్గర కాస్త ఉండి ఉంటుంది, ఇద్దరం పక్కపక్కన నిలబడి చూసుకుందాం. కెమెరా తేవడం లేదు. సంచికి ఇప్పుడు గుండీ లేదు.

ఆ గుండీ కోసి కోటుకు కుట్టాను, రెండో చోట. నాకు కుట్టు రాదని నీకు తెలుసు. దారం రెండుసార్లు ముడిపడింది, వేలికి గుచ్చుకుంది, గుండీ పక్కకి వాలి వేలాడుతోంది. ఎక్కువ రోజులు ఆగేలా లేదు.

అది ఊడేలోగా వస్తాను.

నీ కోతి